గంటల లెక్కతో సర్వీసింగ్: ఒక మెయింటెనెన్స్ సాఫ్ట్‌వేర్‌తో ఆరేళ్లు

మా ప్లాంట్‌లో మెయింటెనెన్స్ ప్లానింగ్ నా పని. ఈ సాఫ్ట్‌వేర్ వాడటం మొదలుపెట్టి ఆరేళ్లు దాటింది. వర్క్ ఆర్డర్లు, స్పేర్ల స్టాక్, రిపోర్టులు ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఉంటాయి, వాటి జోలికి పోను. చెప్పాల్సింది ఒక్కటే ఉంది: యంత్రం నడిచిన గంటలు చూసుకుని సర్వీసింగ్ తేదీని తనే వేసే పద్ధతి.

మొదటి ఏడాది దీన్ని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ పొగిడాను. అంతకుముందు ఎక్సెల్ షీట్‌లో క్యాలెండర్ చూసి సర్వీసింగ్ చేసేవాళ్లం. మాకు ప్లాంట్‌కి ఒత్తిడి గాలి అందించే రెండు స్క్రూ కంప్రెసర్లు ఉన్నాయి. ఒకటి రోజుకు 22 గంటలు నడుస్తుంది, రెండోది స్టాండ్‌బై. రెండింటికీ ఒకే రోజు ఆయిల్ మార్చేవాళ్లం. ఒకదాంట్లో ఆయిల్ నల్లగా, రెండోదాంట్లో తేటగా ఉండేది, రెండూ తీసేసేవాళ్లం. గంటల లెక్క వచ్చాక ఆ వృథా పోయింది. ఆపరేటర్ రీడింగ్ ఎక్కిస్తే చాలు, ఆయిల్ 4,000 గంటలు ఎప్పటికి నిండుతాయో, గాలి నుంచి ఆయిల్‌ని వేరుచేసే సెపరేటర్‌కి 8,000 గంటలు ఎప్పటికి నిండుతాయో తేదీలతో సహా వచ్చేవి. స్టోర్స్‌కి ముందే ఇండెంట్ వెళ్లేది.

నాలుగో ఏడాదిలో మొదటి కంప్రెసర్‌ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు, అంటే కంట్రోలర్ కార్డు, పోయింది. ఎలక్ట్రీషియన్ కొత్తది వేశాడు, గంటలో మెషిన్ నడిచింది, అందరం సంతోషించాం. కానీ గంటల మీటర్ ఉండేది ఆ కార్డులోనే. పాత రీడింగ్ 31,460. రెండు రోజుల తర్వాత ఆపరేటర్ కొత్త డిస్‌ప్లే మీద కనిపించిన 46ను ఎక్కించాడు. అతని తప్పేమీ లేదు, కనిపించిందే రాశాడు.

సాఫ్ట్‌వేర్ కిక్కురుమనలేదు. తర్వాతి సర్వీసింగ్ 32,000 గంటల దగ్గర ఉంది, ఇప్పుడున్నది 46. ఇంకా 31,954 గంటలు మిగిలాయని తేల్చుకుని, పాతిక రోజుల్లో రావాల్సిన పనిని దాదాపు నాలుగేళ్లు వాయిదా వేసింది. పెండింగ్ జాబితాలో ఎర్ర గీత ఒక్కటీ లేదు. సర్వీసింగులన్నీ వేళకే అయ్యాయని నెల నెలా రిపోర్టు నూటికి నూరు చూపించింది. ఆ రిపోర్టులు మీటింగ్‌లో నేనే చదివి వినిపించాను. కంప్రెసర్ ప్యానెల్ మీద వచ్చే సర్వీస్ హెచ్చరిక కూడా కొత్త కార్డుతో పాటే సున్నా నుంచి మొదలైంది.

ఏడు నెలల తర్వాత ఒక ఫిట్టర్ వచ్చి, "సార్, ఎయిర్ లైన్ డ్రెయిన్‌లో ఆయిల్ వస్తోంది" అన్నాడు. చూద్దాం అనుకునేలోపే, మూడో రోజు నైట్ షిఫ్ట్‌లో టెంపరేచర్ 110 డిగ్రీలు తాకి మెషిన్ ట్రిప్ అయింది. విప్పితే ఆయిల్ జిగురులా ఉంది, సెపరేటర్ మూసుకుపోయింది. లాగ్‌బుక్ వెనక్కి తిప్పి లెక్కేశాను. 4,000 గంటల ఆయిల్ 8,000కి పైగా నడిచింది. 8,000 గంటల సెపరేటర్ 12,000 దాటింది. స్టాండ్‌బై మెషిన్ లేకపోతే ఆ రాత్రి ప్లాంట్ ఆగిపోయేదే.

మీటర్ మార్చినప్పుడు పాత చివరి రీడింగ్, కొత్త మొదటి రీడింగ్ ఇవ్వడానికి ఒక స్క్రీన్ మొదటి నుంచీ ఉందని తర్వాత సపోర్ట్‌వాళ్లు చెప్పారు. రీడింగ్ తగ్గితే ఆపి అడిగే సెట్టింగ్ కూడా ఉందట, మనమే ఆన్ చేసుకోవాలట. నా కోపం అక్కడే. నడిచిన గంటలు తగ్గడం అనేది జరగదు. చేత్తో రిజిస్టర్ రాసే మనిషికి 31,460 కింద 46 వేయడానికి చెయ్యి ఆడదు. ఆ మాత్రం అనుమానం సాఫ్ట్‌వేర్‌కి పుట్టుకతోనే ఉండాలి.

అప్పటి నుంచి పొగడ్త కొంచెం తగ్గించాను. గంటల లెక్క అరిగేవాటికీ మురికి పట్టేవాటికీ బాగా పనిచేస్తుంది: ఆయిల్, ఫిల్టర్, బెల్ట్. కంట్రోలర్ కార్డు లాంటివి ఏ గంటకు పోతాయో ఏ లెక్కా చెప్పదు. యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కి చెందిన నోలన్, హీప్ 1978లోనే విమాన భాగాల మీద ఈ మాట చూపించారు. వాళ్లు పరిశీలించిన వాటిలో వయసుతో పాటు చెడిపోయే అవకాశం పెరిగేవి 11 శాతమే. ఇక జనరేటర్ లాంటి అరుదుగా నడిచేవాటికి గంటలొక్కటే పెడితే ఆయిల్ ఏళ్ల తరబడి అందులోనే ఉండిపోతుంది. మాదాంట్లో ఇప్పుడు 250 గంటలు లేదా ఆరు నెలలు, ఏది ముందైతే అది.

మరి తీసుకోవచ్చా? మా మెషిన్లు ఒక నెల పగలూ రాత్రీ నడుస్తాయి, ఇంకో నెల సగం రోజులు ఖాళీగా ఉంటాయి. రీడింగులు రాయడానికి ప్రతి షిఫ్ట్‌లో మనిషి ఉన్నాడు. అందుకే నేను దీన్ని వదలను. మీ మెషిన్లు ఏడాదంతా ఒకేలా నడుస్తుంటే క్యాలెండరే చాలు. రీడింగ్ రాసే మనిషి కచ్చితంగా లేకపోతే మాత్రం ఈ ఫీచర్ జోలికి వెళ్లకండి.

ఇప్పుడు ప్రతి సోమవారం అన్ని మీటర్లూ నేనే చూసి ఒక పుస్తకంలో రాసుకుంటున్నాను. కార్డు మార్చిన పనైతే పాత రీడింగ్ ఇవ్వనిదే వర్క్ ఆర్డర్ క్లోజ్ కాకుండా పెట్టించాను. మొన్న చిల్లర్ కార్డు పోయినప్పుడు రాత్రి పదకొండింటికి ఎలక్ట్రీషియన్ ఫోన్ చేశాడు: "సార్, పాత మీటర్ ఎంత దగ్గర ఆగింది? చెప్తేగానీ ఇది క్లోజ్ అవట్లేదు." లేచి, పుస్తకం తీసి చెప్పాను.