స్టాప్‌వాచా, టైమింగ్ గేట్లా: పిల్లల వేగం దేనితో కొలవాలి?

స్కూల్లో 50 మీటర్ల పరుగు పెట్టే పీఈటీలకు తరచూ వచ్చే ప్రశ్న ఇది. టైమింగ్ గేట్లంటే పరుగు దారి మొదట్లో, చివర్లో స్టాండ్ల మీద పెట్టే సెన్సర్లు; పిల్లాడు వాటి కాంతి కిరణాన్ని దాటగానే టైము దానంతటదే నమోదవుతుంది.

ఖర్చు: స్టాప్‌వాచ్ వందల్లో దొరుకుతుంది. గేట్ల సెట్టుకు చాలా ఎక్కువ.

శ్రమ: వాచ్ ఉంటే వెంటనే మొదలుపెట్టొచ్చు. గేట్లకు స్టాండ్లు, ఎత్తు, చార్జింగ్ చూసుకోవాలి.

పొరపాటు: అసలు తేడా ఇక్కడే. మొదట్లో మన వేలు ఆలస్యంగా కదులుతుంది, చివర్లో గీత దాటడం ముందే ఊహించి నొక్కేస్తాం. అందుకే చేతి టైము ఎలక్ట్రానిక్ టైము కన్నా సుమారు 0.2 సెకన్లు తక్కువ వస్తుంది. కొన్ని వారాల శిక్షణతో వచ్చే మెరుగుదల ఆ తేడాలోనే మునిగిపోవచ్చు. గేట్లూ మోసపోతాయి: ఒకే కిరణం ఉన్నవాటిలో ఛాతీ కన్నా ముందు చెయ్యి తగిలినా టైము ఆగుతుంది.

షటిల్ రన్‌లో (రెండు గీతల మధ్య అటూ ఇటూ పరుగెత్తడం) మరో చిక్కు. పిల్లాడు గీతను నిజంగా తాకాడా, నేల జారుతోందా అన్నది ఏ పరికరమూ చెప్పదు. గీత దగ్గర ఒక మనిషి ఉండాల్సిందే.

క్లాసు మొత్తాన్ని స్థూలంగా చూడాలంటే వాచ్ చాలు. కాకపోతే ప్రతిసారీ ఒకరే టైము తీయాలి, ముందు ఒకసారి అలవాటు చేయించి, తర్వాతి పరుగుల్లో మంచిది రాసుకోవాలి. జట్టు ఎంపికకో, శిక్షణ ఫలితం తేల్చడానికో అయితే గేట్లు తెప్పించండి, కొనలేకపోతే అద్దెకైనా. చేతి టైమునూ గేటు టైమునూ పక్కపక్కన పెట్టి ఏ పిల్లాడి భవిష్యత్తూ నిర్ణయించకండి.