ఒకినావా, 1945: తీరానికి ఏ నౌక మేలు?

జపాన్ దీవి ఒకినావా కోసం జరిగిన యుద్ధంలో, తీరాన దిగే దళాలకు అండగా నిలిచిన అమెరికా నౌకాదళ నౌకల్లో రెండు రకాలు ఇవి: ఎల్‌సీఎస్ (ఫిరంగులతో అండనిచ్చే చిన్న నౌక), రాకెట్ ఎల్‌ఎస్‌ఎమ్ (రాకెట్లు అమర్చిన మధ్యతరహా నౌక).

పొడవు: ఎల్‌సీఎస్ 158 అడుగులు; రాకెట్ ఎల్‌ఎస్‌ఎమ్ 203.
దెబ్బ: ఎల్‌ఎస్‌ఎమ్ ఒక్క ఊపులో వందల రాకెట్లు కురిపించేది. ఎల్‌సీఎస్‌కు ఉన్నవి పది రాకెట్ లాంచర్లే, కానీ జంట 40 మి.మీ. ఫిరంగులుండేవి.
ప్రమాదం: మీదపడే కమికాజె (జపాన్ ఆత్మాహుతి) విమానాన్ని రాకెట్లు ఆపలేవు. కాపలాకు పెట్టిన ఎల్‌ఎస్‌ఎమ్‌లు మే 3, 4 తేదీల్లోనే మూడు మునిగాయి. నా దృష్టిలో అది వాటికి తగని పని. ఎల్‌సీఎస్‌లూ మునిగాయి. అయినా జూన్ 11న 122వ నంబరు నౌక దెబ్బతిన్నా తేలింది. గాయపడిన కెప్టెన్ రిచర్డ్ మెక్‌కూల్, మండుతున్న గదిలో చిక్కిన నావికుణ్ణి మోసుకొచ్చాడు.

తీరాన్ని ముందుగా దున్నేయాలంటే ఎల్‌ఎస్‌ఎమ్. కాపలాకు, మంటలార్పడానికి, నీళ్లలో పడ్డవాళ్లను ఎత్తుకోవడానికి ఎల్‌సీఎస్.