తెర మీద లైవ్ చాట్: పద్యాల కార్యక్రమంలో ఓబీఎస్ వాడకం

యూట్యూబ్‌లో వారం వారం సమస్యాపూరణ కార్యక్రమం నడుపుతున్నాను. మేము పద్యంలో ఒక పాదాన్ని సమస్యగా ఇస్తాం, చూసేవాళ్లు మిగతా పాదాలు కలిపి లైవ్ చాట్‌లో పూరణలు పంపుతారు, వాటిని చదివి గుణదోషాలు మాట్లాడుకుంటాం. పద్యం చెవిన పడితే చాలదు, కంటికీ కనబడాలి. యతి ఎక్కడ పడిందో, ప్రాస ఎలా కుదిరిందో అప్పుడే అందరికీ తెలుస్తుంది. మా ప్రేక్షకుల్లో చాలామంది టీవీలో, లేదా ఫోనును అడ్డంగా తిప్పి తెర నిండా చూస్తారు. వాళ్లకు సాధారణంగా చాట్ కనిపించదు. అందుకే ప్రత్యక్ష ప్రసారాలకు వాడే ఓబీఎస్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్‌తో చాట్‌ను వీడియోలోనే కలిపి పంపడం మొదలుపెట్టాను. ఇన్నాళ్లు వాడాక తెలుగు కార్యక్రమాలకు ఇంతకంటే మంచి దారి నాకు కనబడలేదు.

పద్ధతి సులువే. యూట్యూబ్ చాట్‌ను పాప్ అవుట్ చేసి, అంటే వేరే కిటికీలో తెరిచి, ఆ లింకును ఓబీఎస్‌లో వెబ్ పేజీని వీడియోలో చూపే ‘బ్రౌజర్ సోర్స్’లో పెట్టాలి. అసలు లాభం తెలుగు అక్షరాల దగ్గర ఉంది. ఓబీఎస్‌లో అక్షరాలు చూపే సోర్సులు వేరే ఉన్నా, వాటిలో ‘ఫ్రీటైప్ 2’ అనేది మన లిపికి పనికిరాదు. వత్తులు అక్షరం కిందికి చేరవు, సంయుక్తాక్షరాలు ముక్కలైపోతాయి. బ్రౌజర్ సోర్స్ లోపల పనిచేసేది క్రోమ్ బ్రౌజర్‌కు ఆధారమైన క్రోమియం కాబట్టి ‘స్త్రీ’ అయినా ‘రాష్ట్రం’ అయినా పుస్తకంలో ఉన్నట్టే వస్తుంది. ఫాంటు మాత్రం మనమే చూసుకోవాలి. గూగుల్ ఫాంట్స్‌లోని ‘మండలి’ని కంప్యూటర్‌లో వేసుకుని, బ్రౌజర్ సోర్స్‌లో పేజీ రూపాన్ని మార్చే సీఎస్‌ఎస్ పెట్టెలో ఆ పేరు రాశాను. ‘రామభద్ర’ శీర్షికలకు బాగుంటుంది గానీ పద్యం మొత్తానికి మరీ బరువు. వరుసల మధ్య ఎడం తప్పకుండా పెంచాలి. ఇంగ్లీషుకు సరిపోయే ఎత్తులో మన కింది వత్తులు తెగిపోతాయి. పద్యం చదివేవారికి అది కంట్లో నలుసే.

ఇబ్బందులూ ఉన్నాయి. ప్రతి ప్రసారానికీ వీడియో గుర్తింపు సంఖ్య మారుతుంది కాబట్టి లింకు ప్రతిసారీ మార్చాలి. పేజీ తెరుచుకోగానే వచ్చేది ‘టాప్ చాట్’. అందులో కొన్ని సందేశాలు కనబడకుండా పోతాయి. సోర్స్ మీద ‘ఇంటరాక్ట్’ నొక్కి ‘లైవ్ చాట్’కు మార్చుకోవాలి. దృశ్యం మారినప్పుడల్లా పేజీ మళ్లీ తెరుచుకునే ఎంపిక ఒకటి ఉంది, దాన్ని తీసేయండి. లేకపోతే ఈ మార్పు మళ్లీ మళ్లీ చేయాల్సి వస్తుంది.

అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసింది 200 అక్షరాల పరిమితి. యూట్యూబ్ లైవ్ చాట్‌లో ఒక సందేశం అంతకు మించకూడదు. గుణింతం, వత్తు, ఖాళీ అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. మన కంటికి ఒక్క అక్షరమైన ‘స్త్రీ’ కంప్యూటర్‌కు ఆరు. 64 మాత్రల కందం హాయిగా పడుతుంది, ఆటవెలదీ పడుతుంది. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు, నాలుగు పాదాలకు 80. గుణింతాలూ వత్తులూ కలిపితే హద్దు దాటిపోవచ్చు. అప్పుడు కవి రెండు పాదాలు పంపి తర్వాతి రెండూ పంపేలోపు మధ్యలో నలుగురి నమస్కారాలు వచ్చి చేరతాయి. ప్రవాహంలా కదిలే చాట్‌లో ఉత్పలమాల లాంటి వృత్త పద్యం చదవడం కష్టం.

అందుకే చాట్ అంతా చూపడం మానేసి, ఎంచుకున్న సందేశాన్నే చూపుతున్నాను. దీనికి సోషల్ స్ట్రీమ్ నింజా వాడుతున్నాను. ఉచితం, ఓపెన్ సోర్స్. బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్‌గా చేరుతుంది. చాట్ పేజీ తెరిచి ఉంచితే సందేశాలన్నీ దాని ‘డాక్’ అనే జాబితా పేజీలోకి వస్తాయి. ఏది నొక్కితే అది తెర మీదికి వెళ్తుంది. ఓబీఎస్‌లో పెట్టిన లింకు కూడా మార్చనక్కరలేదు. చాట్ ఉన్న ట్యాబును మాత్రం కిందికి దించకూడదు (మినిమైజ్ చేయకూడదు), దించితే సందేశాలు ఆగి ఆగి వస్తాయి. ఉత్పలమాల అయితే మొదటి సగం చదివి, రెండో సగం నొక్కుతాను. పద్యం చూపినంతసేపూ తెర నిలకడగా ఉంటుంది, దాని మీద మాట్లాడుకోవడానికి తీరిక దొరుకుతుంది. నాకు ఇది ఎంతో ఇష్టమైన మార్పు.

ప్రేక్షకుల్లోనూ మార్పు వచ్చింది. ఇంగ్లీషు లిపిలో తెలుగు రాసేవాళ్లు, తోటివారి పద్యం తెర మీద తెలుగు అక్షరాల్లో నిండుగా కనబడటం చూసి, తెలుగు కీబోర్డుకు మారారు. అడిగి చేయించగలిగే పని కాదిది.

ప్రసారంలో ఆలస్యం గురించి కొందరు బెంగపడతారు. మాటకు మాట బదులు కావలసిన కార్యక్రమాల్లో ఆలస్యాన్ని బాగా తగ్గించే ‘అల్ట్రా లో’ ఎంపిక అవసరమే గానీ, పూరణకు ఎటూ నిమిషాలు పడుతుంది. మామూలు ఆలస్యమే ఉంచితే నెట్ సన్నగా ఉన్నచోట కూడా వీడియో అంతగా ఆగదు.

చాట్ అంతా తెర మీద పారించాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. బూతు సందేశాన్ని మోడరేటర్ తీసేస్తే అది చాట్‌లోంచి పోతుంది. అప్పటికే వీడియోలోకి వెళ్లినది రికార్డులో ఉండిపోతుంది. నిషిద్ధ పదాల జాబితాలో ప్రతి మాటనూ తెలుగులోనూ, ఇంగ్లీషు లిపిలో ఎన్ని రకాలుగా రాస్తారో అన్ని రకాలుగానూ చేర్చాలి. పిల్లలు పాల్గొనే రోజుల్లో ఖాతా ఫొటోలు కనబడకుండా సీఎస్‌ఎస్‌లో దాచేయండి. ప్రసారం అయ్యాక ఒక్కొక్క పూరణనూ కత్తిరించి చిన్న వీడియోగా పెడితే దానికి చాట్ రాదు. తెర మీద చూపిన పద్యం, రాసినవారి పేరు మాత్రం ఆ ముక్కలోనూ ఉంటాయి.