మిర్చి కాంటా నుంచి ఎక్సెల్ దాకా: టైనీయూఎస్‌బీతో నాలుగేళ్లు

హన్మకొండలో నాది చిన్న ఎలక్ట్రానిక్స్ షాపు. ఏనుమాముల మార్కెట్ యార్డులోని అడ్తీదారులకు ఒక డబ్బా చేసి ఇస్తుంటాను. దానికి ఒకవైపు కాంటా సీరియల్ వైరు, ఇంకోవైపు యూఎస్‌బీ. బస్తా పెట్టి బటన్ నొక్కితే బరువు ఎక్సెల్‌లో పడుతుంది. కంప్యూటర్‌కు అది మామూలు కీబోర్డులా కనబడుతుంది కాబట్టి డ్రైవర్ల గొడవ లేదు. లోపల ఉన్నది రాస్ప్‌బెర్రీ పై పీకో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు, దాని మీద టైనీయూఎస్‌బీ లైబ్రరీ, అంటే చిప్పు చేత యూఎస్‌బీ పని చేయించే రెడీమేడ్ కోడ్.

అంతకుముందు ఏటీమెగా 8 అనే చిప్పు మీద వీ-యూఎస్‌బీ లైబ్రరీ వాడేవాణ్ని. యూఎస్‌బీ హార్డ్‌వేరే లేని చిప్పు చేత యూఎస్‌బీ పని చేయించిన ఆ లైబ్రరీ అంటే ఇప్పటికీ గౌరవమే. కానీ అక్కడ ప్రతి బిట్ టైమింగూ ప్రాసెసరే చూసుకోవాలి. కాంటా నుంచి డేటా వస్తుండగా దాన్ని కాపాడుకోవడం నాకు పెద్ద టెన్షన్. పైగా అది జీపీఎల్ లైసెన్సు, అంటే డబ్బా అమ్మితే నా కోడ్ కూడా ఇవ్వాలి, కాదంటే డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవాలి. టైనీయూఎస్‌బీది ఎంఐటీ లైసెన్సు. లైసెన్సు కాగితం జత చేస్తే చాలు, నా కోడ్ నా దగ్గరే ఉంచుకుని అమ్ముకోవచ్చు.

నాకు బాగా నచ్చింది దీని పద్ధతి. ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి 'ఇది చూడు' అని చిప్పుకు వచ్చే సిగ్నల్) వస్తే విషయాన్ని క్యూలో వేసి ఊరుకుంటుంది, అసలు పని ప్రోగ్రామ్ తిరుగుతూ ఉండే మెయిన్ లూప్‌లో మనం పిలిచే టాస్క్ ఫంక్షన్‌లో జరుగుతుంది. నడుస్తుండగా మెమరీ అడగదు, డేటా తాత్కాలికంగా ఉంచే బఫర్లన్నీ ముందే కేటాయించి ఉంటాయి. సీజన్‌లో పొద్దున పెట్టిన డబ్బా సాయంత్రం దాకా రీసెట్ లేకుండా నడుస్తుంది. అయితే ఆ టాస్క్‌ను ఆపకుండా పిలుస్తూ ఉండాలి. మొదట్లో నా కోడ్ కాంటా అంకె నిలకడయ్యేదాకా రెండు సెకన్లు లూప్‌లోనే ఆగేది. సరిగ్గా అప్పుడు వైరు గుచ్చితే డివైస్‌ను గుర్తించలేదని విండోస్ మెసేజ్ ఇచ్చేది.

ఇంకో తప్పు నన్ను చాలా బాధపెట్టింది. ఒకరోజు గుమస్తా ఫోన్ చేశాడు: "అన్నా, కాంటా మీద 40.55 ఉంది, కంప్యూటర్ల 40.5 పడ్డది." క్వింటాల్ 16 వేలున్నప్పుడు ఆ 50 గ్రాములు రైతుకు 8 రూపాయలు. కీబోర్డు కంప్యూటర్‌కు పంపే రిపోర్టు చెప్పేది "ఇప్పుడు ఏ కీ నొక్కి ఉంది" అన్నదే. 5 తర్వాత మళ్లీ 5 పంపితే, మధ్యలో వదిలినట్టు ఖాళీ రిపోర్టు లేకపోతే, కంప్యూటర్‌కు అది ఒకే నొక్కు. 44.20 అయితే 4.20 అయి అక్కడే దొరికిపోయేది. నేను షాపులో 20 కిలోల రాయితో పరీక్షించాను. 20.00 కాస్తా 20.0 అయితే ఎవరికి తెలుస్తుంది? బరువులు రాసి ఉన్న తక్‌పట్టీ చీటీలు ముందు పెట్టుకుని ఆ వారం షీట్లన్నీ సరిచేశాం. ఇప్పుడు ఒక రిపోర్టు వెళ్లిందని లైబ్రరీ కబురు చేశాకే తర్వాతది పంపుతాను, ప్రతి అంకెకూ ఒక ఖాళీ రిపోర్టు. లైబ్రరీతో వచ్చే హెచ్‌ఐడీ (కీబోర్డు, మౌస్ తరహా డివైస్) ఉదాహరణలో ఇదంతా ఉంది, నేనే ఆ నాలుగు లైన్లు వదిలేశాను.

డాక్యుమెంటేషన్ మాత్రం పలుచన. ఉదాహరణలే పాఠ్యపుస్తకం అనుకుని లైను లైనూ చదవాలి, కామెంట్లతో సహా. కీబోర్డుకు సీరియల్ పోర్టు జత చేసినప్పుడు ప్రొడక్ట్ ఐడీ (కంప్యూటర్ డివైస్‌ను గుర్తుపట్టే నంబరు) మార్చలేదు, విండోస్ పాత సంగతే గుర్తుపెట్టుకుని మొండికేసింది. ఆ హెచ్చరిక డివైస్ వివరాలు రాసే డిస్క్రిప్టర్ ఫైల్ కామెంట్‌లోనే ఉంది! సీరియల్‌లో రాసినది వెంటనే కనబడాలంటే ఫ్లష్ పిలవాలి, లేకపోతే చిన్న మెసేజ్‌లు బఫర్‌లోనే ఉండిపోతాయి. ఎక్కడ ఆగిందో తెలియనప్పుడు డీబగ్ లెవెల్ 2 పెట్టి లాగ్ చూస్తే కంప్యూటర్ ఏమడిగిందో, మనం ఏమిచ్చామో వరుసగా కనబడుతుంది. నా రాత్రులు ఎన్నో మిగిల్చింది ఆ లాగే.

పీకో ఎస్‌డీకేతో (పీకోకు ప్రోగ్రామ్ రాసే కిట్) మొదలుపెట్టేవాళ్లు గిట్ సబ్‌మాడ్యూల్ అప్‌డేట్ (జత లైబ్రరీలను దించుకునే కమాండ్) చేయడం మరవద్దు, అది లేకపోతే టైనీయూఎస్‌బీ ఫోల్డర్ ఖాళీగానే ఉంటుంది. హోస్ట్ వైపు, అంటే డబ్బాయే కంప్యూటర్‌లా ఇంకో యూఎస్‌బీ డివైస్‌ను నడిపే పనిలో, ఇప్పుడే చేయి పెట్టాను. బస్తా మీది బార్‌కోడ్ చదివే స్కానర్‌ను ఇదే డబ్బాకు తగిలించాలని ఉంది. షాపు బల్ల మీద స్కానర్ పలుకుతోంది, యార్డు దుమ్ములో ఇంకా చూడాలి.