ముగ్గురే వెళ్తే ఏ ఎస్కేప్ రూమ్ బాగుంటుంది?

ఎస్కేప్ రూమ్ అంటే జట్టును గదిలోకి పంపి తలుపు వేస్తే, పెట్టిన గడువులోగా పజిల్స్ విప్పుకుంటూ బయటపడే ఆట. దాని బుకింగ్ పేజీలో "ఇద్దరి నుంచి ఆరుగురి వరకు" అని ఉంటే ఆ అంకెల్ని పట్టుకుని డబ్బు కట్టేయకండి. ఆరు అంటే గదిలో పట్టే మనుషుల లెక్క. రెండు అంటే ఎంత తక్కువమంది వచ్చినా టికెట్ అమ్మడానికి పెట్టుకున్న లెక్క. అసలు ఆ ఆటను ఎంతమంది కోసం కట్టారనేది మూడో అంకె. అది మనం అడిగితేనే చెప్తారు.

ఫోన్ చేసినప్పుడు రెండు ప్రశ్నలు చాలు. పజిల్స్ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయా, లేక తలుపు వేయగానే నాలుగైదు ఒకేసారి ముందుంటాయా? ఒకే క్షణంలో ముగ్గురికి మించి చేతులు వేయాల్సినవి ఏమైనా ఉన్నాయా? వరుసగా సాగే గదిలో ఆరుగురు దిగితే ఇద్దరు పని చేస్తారు, నలుగురు వాళ్ల భుజాల మీదుగా తొంగిచూస్తారు. ముగ్గురికైతే అదే గది అచ్చంగా సరిపోతుంది. ఒకేసారి అన్నీ తెరుచుకునే గదిలో కథ తిరగబడుతుంది. నాలుగు దారుల్లోంచి తలా ఒక అంకె వస్తే గానీ చివరి తాళం తెరుచుకోదనుకోండి, ముగ్గురు మూడు దిక్కుల్లో ఉండగా నాలుగోది అలాగే పడి ఉంటుంది. అరవై నిమిషాల ఆటలో పన్నెండు పజిల్స్ ఉంటే ఒక్కోదానికి ఐదు నిమిషాలే. ఒక దారి పూర్తిగా వెనకబడితే ఆ లోటు పూడ్చుకోవడం కష్టం.

గది రూపంలో ఆడే మొదటి ఆటను 2007లో జపాన్‌లోని క్యోటోలో తకావో కాటో స్క్రాప్ సంస్థ తరఫున నడిపారు. ఆ ఊహ కంప్యూటర్లో ఒంటరిగా కూర్చుని ఆడే గది ఆటల నుంచి వచ్చింది. వరుసగా సాగే గదులు చిన్న జట్లకు నప్పడంలో ఆ పాత పోలిక కొంత కనిపిస్తుంది.

ఇక థీమ్‌ల సంగతి. ముగ్గురికి మా మొదటి ఓటు జలాంతర్గామికే. వాల్వ్ తిప్పితే మీటర్ ముల్లు కదులుతుంది, ముల్లు ఎర్ర గీత దాటితే దీపం వెలుగుతుంది. ఏం చేయాలో వస్తువే చెప్తుంది కాబట్టి చదువుకుంటూ కూర్చోవాల్సిన కాగితాలు తక్కువ. అదే జలాంతర్గామిలో సూట్‌కేసుకు వేసే నంబర్ తాళాలు నాలుగు వేలాడుతుంటే మాత్రం థీమ్ గోడ రంగుతోనే ఆగిపోయిందని అర్థం. ప్రాచీన సమాధి గదులు చూడ్డానికి బాగుంటాయి. అక్కడ విగ్రహాన్ని పీఠం మీద పెట్టగానే రాయి జరగడం వెనక ఉండేది సాధారణంగా విగ్రహం అడుగున దాచిన చిన్న ఎలక్ట్రానిక్ ట్యాగ్, పీఠంలో దాన్ని చదివే రీడర్. ఆ రీడర్ చూపు కొన్ని సెంటీమీటర్లే. విగ్రహం కొంచెం పక్కకు ఉన్నా, పెట్టిన మరుక్షణం ఎత్తేసినా ఏమీ జరగదు, జట్టు సరైన జవాబును తప్పనుకుని వదిలేస్తుంది. పీఠం నడిమధ్యన పెట్టి మూడు సెకన్లు చేయి తీసి ఉంచాలి. ప్రయోగశాల థీమ్‌లో అతినీలలోహిత టార్చ్ సాధారణంగా ఉంటుంది, మామూలు వెలుగులో కనబడని రాతను చూపించడానికి. గదిలో లైటు వేసి ఉంటే దాని కింద ఏదీ కనబడదు, బ్యాటరీ నీరసించినా అంతే. గీతలు మసకగా కనిపిస్తే ముందు టార్చ్ మార్చమని అడగండి. జైలు థీమ్‌లో చాలాచోట్ల జట్టును రెండు సెల్లుల్లో విడదీసి ఆట మొదలుపెడతారు. ముగ్గురిలో ఒకరు ఒంటరిగా మిగిలి, కమ్మీల్లోంచి అరుస్తూ పావుగంట గడపాలి. నలుగురు కుదిరితేనే దాని జోలికి వెళ్లండి.

సమయం ఎక్కువగా పోయేది ఆలోచన దగ్గర కాదు, తాళం దగ్గర. మూడంకెల తాళానికి వెయ్యి కూర్పులు, నాలుగంకెలదానికి పదివేలు. మూడు అంకెలు తెలిసి నాలుగోది తెలియకపోతే పది ప్రయత్నాలే, నిమిషంలో అయిపోతుంది, మొహమాటం లేకుండా తిప్పేయండి. నాలుగు వేర్వేరు అంకెలు తెలిసి వరుస తెలియకపోతే ఇరవై నాలుగు. అదీ ఒకరికి అప్పగించవచ్చు. రెండు అంకెలు తెలియకపోతే వంద, అక్కడ ఆపి క్లూ వెతకడం మేలు. అక్షరాల తాళంలో ఒక్కో చక్రం మీద సాధారణంగా పది అక్షరాలే ఉంటాయి. మీకు తట్టిన పదంలోని అక్షరం ఆ చక్రం మీద లేదంటే ఆ పదం తప్పే, వాదన అక్కర్లేదు. పైకి, కిందికి, పక్కలకు తోసే దిక్కుల తాళం అన్నిటికన్నా మొండిది. ఎక్కువ రకాల్లో పాత ప్రయత్నం దాని లోపలే మిగిలిపోతుంది. పైన వంకీని రెండుసార్లు గట్టిగా లోపలికి నొక్కి ఖాళీ చేశాకే కొత్తగా మొదలుపెట్టాలి. ఇది ఆటకు ముందు సిబ్బంది చూపించాలి. చూపించకపోతే మీరే చూపించమనండి. నంబర్ తాళంలో అంకెల్ని ఏ గీత దగ్గర వరుసలో పెట్టాలో కూడా అప్పుడే అడిగేయండి.

మొదటి ఐదు నిమిషాలు ముగ్గురూ వెతకడమే. సొరుగు అడుగు, కుర్చీ కింద, కోటు జేబులు, పుస్తకం వెనక అట్ట. స్విచ్ బోర్డులు, పైకప్పు, ముట్టుకోవద్దని స్టిక్కర్ అంటించినవి ఆటలో లేనట్టే. రెండు వేళ్ల బలానికి రానిది లాగకండి. దొరికింది జేబులో వేసుకోకుండా పైకి చెప్పాలి, అందరికీ కనబడేచోట పెట్టాలి. ఇంత చిన్న నియమం పాటించక ఓడిపోయే జట్లు బోలెడు. పని అయిపోయిన తాళంచెవిని దాని తాళంలోనే వదిలేసి, వాడిన కాగితాల్ని ఒక మూలకు చేర్చండి. ఒక తాళంచెవి ఒక్కసారే పనికొస్తుందన్నది ఎక్కువ గదుల్లో చెల్లే మాట, అన్నిటిలోనూ కాదు.

హింట్ అడగడానికి సిగ్గుపడేది సాధారణంగా జట్టులో బాగా తెలివైనవాడే. ఆ ఒక్కడి పట్టుదలకు మిగతా ఇద్దరూ పది నిమిషాలు సమర్పించుకుంటారు. ఐదు నిమిషాలు ఏమీ కదలకపోతే అడగాలని లోపలికి వెళ్లకముందే ఒప్పందం చేసుకోండి. "హింట్ కావాలి" అని ఊరుకోకుండా, ఏ పజిల్ దగ్గర ఉన్నారో, ఏం ప్రయత్నించారో చెప్పండి. కెమెరాలో చూస్తూ ఆట నడిపే గేమ్ మాస్టర్ మంచివాడైతే జవాబు కాకుండా, మీరు చూడని వస్తువు వైపు చూపు తిప్పుతాడు. ఒకే మనిషి మూడు గదుల్ని చూసుకుంటుంటే హింట్ వచ్చేసరికి మీరే దాన్ని దాటేసి ఉంటారు. గది ఎంత అందంగా ఉన్నా ఈ ఒక్క లోపానికి మేం సగం మార్కులు కోసేస్తాం.

ఇంకో తప్పు మీది కాదు, దుకాణానిది. ముందు ఆడిన జట్టు వెళ్లాక అన్నీ మళ్లీ యథాస్థానంలో పెట్టాలి. తొందరలో ఒక సొరుగు తెరిచే వదిలేస్తారు, లేదా తాళం మీద పాత కోడ్ చెరపరు. ఆట మొదలైన నిమిషంలోనే దేన్నీ విప్పకుండా ఏదైనా తెరుచుకుంటే, సంతోషపడకుండా వెంటనే చెప్పండి. మధ్యలో ఉన్న పజిల్ ఒకటి మాయమైతే తర్వాతి క్లూలకు అర్థం ఉండదు. మంచి నిర్వాహకులు సరిచేసి, పోయిన నిమిషాలు టైమర్‌కు కలుపుతారు.

తలుపు గురించి మాత్రం మొహమాటం వద్దు. సరిగ్గా అమర్చిన విద్యుదయస్కాంత తాళం కరెంటు పోతే దానంతటదే విడిపోతుంది, పక్కన అత్యవసర బటన్ కూడా ఉండాలి. ఆట మొదలుకాక ముందే దాన్ని నొక్కించి, తలుపు తెరుచుకోవడం కళ్లారా చూడండి. 2019 జనవరిలో పోలండ్‌లోని కొషాలిన్‌లో ఇలాంటి గదిలో మంటలు చెలరేగి పదిహేనేళ్ల అమ్మాయిలు ఐదుగురు బయటపడలేక చనిపోయారు. ఆ తర్వాత దేశమంతటా తనిఖీలు జరిపి చాలా గదుల్ని మూయించారు. లోపలి నుంచి తెరవలేని గది అయితే, కట్టిన డబ్బు పోయినా సరే, తిరిగి వచ్చేయండి.

వివరణతో కలిపి మొత్తం గంటన్నర చేతిలో ఉంచుకోండి. టైమర్ సున్నాకు చేరాక సిబ్బంది మిగిలిన పజిల్స్ చూపిస్తామంటారు. విప్పేసిన గది మళ్లీ ఆడటానికి పనికిరాదు. చివరి తాళం దగ్గరే ఆగిపోయి, ఇంకోసారి వచ్చే ఆలోచన ఉంటే ఆ జవాబు చెప్పొద్దని గుమ్మం దగ్గరే అనేయండి.