మార్పిడి గుండెకు ఈ వాచీ లెక్క పనికిరాదు

మనవరాలి కోసం గాంధీ రోడ్డులో ఫిట్‌నెస్ వాచీ కొన్నాం. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే ఈ లోపం ఒక్క కంపెనీది కాదు. పిల్లకు పన్నెండేళ్లు, గుండె మార్పిడి జరిగింది. రోజూ నడిపించండి, మెల్లగా ఆటల్లోకి దించండి అన్నారు డాక్టర్లు. రిటైరైన డ్రిల్లు మాస్టారు ఇంట్లోనే ఉండగా ఆ పని ఇంకెవరికి అప్పగిస్తారు!

అడుగుల లెక్కకు వంక పెట్టలేను. ప్రకాశం పార్కులో నేను లెక్కపెట్టినదానికీ అది చూపినదానికీ పెద్ద తేడా లేదు. బ్యాటరీ కూడా బాగానే వస్తోంది.

గుండె వేగం దగ్గరే దాని తెలివి తెల్లారింది. పిల్ల మంచం మీద కథల పుస్తకం చదువుకుంటుంటే ‘వేగం ఎక్కువైంది’ అని వణుకుతుంది. చెమటలు కారేలా నడుస్తుంటే ఇంకా వ్యాయామం మొదలుపెట్టలేదంటుంది. తీరా బెంచీ మీద కూర్చున్నాక శభాష్ అంటుంది.

మార్పిడిలో గుండెకు వెళ్లే నరాలు తెగిపోతాయి. వేగానికి కళ్లెం వేసే వేగస్ నరం పట్టు కూడా పోతుంది కనుక ఊరికే కూర్చున్నా నిమిషానికి 90 నుంచి 110 సార్లు కొట్టుకోవడం మామూలే. నడక మొదలైందన్న కబురు నరాల మీదుగా అందదు, రక్తంలో అడ్రినలిన్ అనే హార్మోన్ పెరిగి చేరవేయాలి. దానికి కొన్ని నిమిషాలు పడుతుంది, తగ్గడానికీ అంతే. ఏళ్లు గడిచేకొద్దీ కొందరిలో నరాలు కొంతవరకు తిరిగి పెరుగుతాయి. అంతవరకు 220లోంచి వయసు తీసేసి గుండె గరిష్ఠ వేగాన్ని అంచనా వేసే సూత్రంతో ఈ పిల్లల కష్టాన్ని కొలవలేం. అందుకే వార్మప్ నిదానంగా సాగాలి, చివర్లో ఒక్కసారిగా ఆగకూడదు.

మేము వాడే కొలత గోవింద నామాలు. అలిపిరిలో 3,550 మెట్లుంటే, డాక్టరు ఒప్పుకున్న మొదటి కొన్ని మెట్లే ఎక్కుతాం, అదీ తెల్లవారుజామున. నామం తెగకుండా పలికితే ముందుకు, ఊపిరి అడ్డొస్తే అక్కడే కూర్చుంటాం. మాట్లాడగలగాలి, పాట పాడే ఓపిక మాత్రం మిగలకూడదు, ఫిజియోథెరపిస్టు చెప్పిన హద్దు అది.

మరో చిరాకు. మే నెల మిట్టమధ్యాహ్నం ‘లేచి నడవండి’ అని గుర్తుచేస్తుంది. తిరుపతి ఎండ సంగతి దానికేం తెలుసు! కొత్త గుండెను ఒళ్లు తిరస్కరించకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారికి చర్మ క్యాన్సర్ ముప్పు ఎక్కువ, ఎండకు దూరంగా ఉండాలి. పట్టీ కింద చెమట నిలిచి చర్మం ఒరుసుకుంటుంది, కడిగి ఆరబెట్టాకే కట్టాలి.

“పాపం, కూర్చోనివ్వండి మాస్టారూ” అనే చుట్టాలకు ఒక మాట. మార్పిడి తర్వాత వాడే స్టెరాయిడ్లు కండరాలనూ ఎముకలనూ బలహీనపరుస్తాయి, కూర్చోబెడితే అది ఇంకా పెరుగుతుంది. 1978లో పోర్ట్స్‌మౌత్‌లో మొదలైన ప్రపంచ అవయవమార్పిడి క్రీడల్లో పిల్లలూ పోటీపడతారు.

పదికి నాలుగు మార్కులు వేస్తున్నాను, నాలుగూ అడుగుల లెక్కకే. హెచ్చరికల మోతను సెట్టింగ్స్‌లో ఆపేశాం.