ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీలో వై-ఫై డ్రైవర్లు: స్క్రిప్టులతో బిల్డ్ చేసే పద్ధతిపై సమీక్ష

రూటర్ల కోసం లినక్స్ ఆధారంగా తయారైన ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ ఫర్మ్‌వేర్‌ను ఏళ్ల తరబడి సోర్స్ కోడ్ నుంచి సొంతంగా బిల్డ్ చేసుకుని వాడుతున్నాను. అందులో నాకు అన్నిటికంటే నచ్చింది వై-ఫై డ్రైవర్లను చేర్చే తీరు. రూటర్‌కు ఏమేం కావాలో మొత్తం ఒక టెక్స్ట్ ఫైలులో రాసి ఉంటుంది. దాన్ని దాచుకుంటే చాలు, అదే ఇమేజ్‌ను (రూటర్‌లోకి ఎక్కించే ఫైలును) మళ్లీ ఎప్పుడైనా తయారు చేసుకోవచ్చు.

డ్రైవర్ అంటే ఒక్క కెర్నల్ మాడ్యూల్ (లినక్స్ కెర్నల్‌కు జోడించే భాగం, దాని ప్యాకేజీ పేరు కేమాడ్ అని మొదలవుతుంది) అనుకుంటే పని సగంలోనే ఆగిపోతుంది. క్వాల్‌కామ్ ఏథెరోస్ వై-ఫై చిప్‌ల డ్రైవర్ కేమాడ్-ఏటీహెచ్10కే ఉంది కదా అని రేడియో పలకదు. చిప్‌కు తగిన ఫర్మ్‌వేర్ ఫైలు వేరే ప్యాకేజీలో వస్తుంది. దానికితోడు ఆ ఒక్క రూటర్‌కే చెందిన క్యాలిబ్రేషన్ డేటా (రేడియోను సరిచేసే కొలతలు) ఫ్లాష్‌లోని ఏఆర్‌టీ వంటి విభాగంలో ఉంటుంది. చాలా మోడళ్లలో దాన్ని బయటికి తీసి డ్రైవర్‌కు అందించేది హాట్‌ప్లగ్ (కెర్నల్ ఏదైనా అడిగినప్పుడు నడిచే స్క్రిప్టుల) డైరెక్టరీలోని చిన్న షెల్ స్క్రిప్టు. ఏ మోడల్‌కు ఏ ఆఫ్‌సెట్ నుంచి ఎన్ని బైట్లు తీయాలో అందులో వరుసగా రాసి ఉంటుంది. కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో ఫర్మ్‌వేర్ లోడ్ కాలేదంటూ మైనస్ 2 ఎర్రర్ కనిపిస్తే అర్థం ఒక్కటే, అడిగిన ఫైలు అక్కడ లేదు. ముందు ఫర్మ్‌వేర్ ప్యాకేజీని, తర్వాత ఈ స్క్రిప్టును చూడండి. వీటన్నిటి పైన వై-ఫై భద్రతను చూసుకునే డబ్ల్యుప్యాడ్ ప్రోగ్రామ్ కూడా ఉండాలి, అది లేకపోతే పాస్‌వర్డ్‌తో నడిచే నెట్‌వర్క్ రాదు.

బిల్డ్‌లో ఏమేం ఉండాలో ఎంచుకునే మెనూ మేక్ మెనూకాన్ఫిగ్‌లో నక్షత్రం పెట్టిన ప్యాకేజీ ఇమేజ్‌లోకి వెళుతుంది, ఎం పెట్టినది విడి ప్యాకేజీగా తయారవుతుంది. నేను డిఫ్‌కాన్ఫిగ్ స్క్రిప్టుతో డిఫాల్ట్‌ల కంటే భిన్నమైన వరుసలను మాత్రమే తీసి భద్రపరుస్తాను. వేల వరుసల కాన్ఫిగ్ ఫైలు కొద్ది వరుసలకు కుదించుకుపోతుంది, ఎవరు చదివినా అర్థమవుతుంది.

నా గట్టి ఫిర్యాదు కూడా ఇక్కడే. ఆ కొద్ది వరుసలను తిరిగి పూర్తి కాన్ఫిగ్ ఫైలుగా విస్తరించే మేక్ డెఫ్‌కాన్ఫిగ్ నడిపినప్పుడు, ఆధారపడాల్సినవి లేని ఆప్షన్లను అది చడీచప్పుడు లేకుండా తీసేస్తుంది. డ్రైవర్ పేరు మారినా అంతే, ఒక్క హెచ్చరికా రాదు. అందుకే ఆ వెంటనే కాన్ఫిగ్ ఫైలులో డ్రైవర్ పేరును వెతికి, ఉందని చూశాకే బిల్డ్ మొదలుపెట్టాలి. ఇంత మంచి వ్యవస్థలో ఈ లోటు ఇంకా ఉండటం నిజంగా బాధ కలిగిస్తుంది.

సొంత కెర్నల్‌కు అధికారిక కేమాడ్‌లు సాధారణంగా సరిపోవు. కెర్నల్ ఆప్షన్ల నుంచి లెక్కగట్టిన హ్యాష్ (గుర్తింపు కోడ్) తేడాగా ఉంటే ప్యాకేజీ ఇన్‌స్టాల్ కాదు. కాబట్టి తర్వాత అవసరం కావచ్చనిపించిన యూఎస్‌బీ వై-ఫై డ్రైవర్లను కూడా బిల్డ్‌లోనే ఎంతో కొంత చేర్చుకోవడం మేలు.

మొదటిసారి బూట్ అయినప్పుడు నెట్‌వర్క్ పేరు, దేశం కోడ్, ఛానల్ అమర్చే పని ఇమేజ్‌లో నేను చేర్చే యూసీఐ-డిఫాల్ట్స్ స్క్రిప్టుకు అప్పగిస్తాను. అది సున్నాతో (విజయవంతంగా) ముగిస్తే వ్యవస్థే దాన్ని తొలగిస్తుంది, లేకపోతే తర్వాతి బూట్‌లో మళ్లీ నడుస్తుంది. వై-ఫై డిఫాల్ట్‌గా ఆగి ఉంటుంది కాబట్టి, కేబుల్ అందని చోట బిగించే రూటర్‌కు ఈ స్క్రిప్టు ప్రాణాధారం.

చిప్‌ల సంగతికొస్తే, ఎంటీ76 (మీడియాటెక్ చిప్‌లకు), ఏటీహెచ్9కే (పాత ఏథెరోస్ చిప్‌లకు) డ్రైవర్లున్న రూటర్లను నేను కళ్లు మూసుకుని ఎంచుకుంటాను. ఏటీహెచ్10కే మెమరీ ఎక్కువ తింటుంది, ర్యామ్ తక్కువైతే దాని స్మాల్‌బఫర్స్ రకం తీసుకోవాలి. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ 21.02 విడుదల నుంచి కనీస అవసరం 8 ఎంబీ ఫ్లాష్, 64 ఎంబీ ర్యామ్. పాత 4 ఎంబీ పరికరాలకు కొత్త డ్రైవర్లు ఎక్కించాలని తంటాలు పడటంలో అర్థం లేదు.

ఉన్న డ్రైవర్లలోంచి ఎంచుకోవడమే మీ పనైతే పూర్తి బిల్డ్ అక్కర్లేదు. ముందే తయారైన ప్యాకేజీలతో ఇమేజ్ కూర్చే ఇమేజ్ బిల్డర్‌లో ప్యాకేజీ పేర్లు ఇస్తే, వద్దనుకున్నదాని ముందు మైనస్ పెడితే, కొద్ది నిమిషాల్లో ఇమేజ్ చేతికొస్తుంది. అధికారిక కేమాడ్‌లూ దానితో చక్కగా కలుస్తాయి. డ్రైవర్ కోడ్‌ను మార్చే ప్యాచ్ వేయాల్సి వచ్చినప్పుడు మాత్రం పూర్తి బిల్డ్ తప్పదు.